సర్ఫాక్టెంట్, పాలిమర్ ద్రావణాలను ఫ్లోరెసెన్స్‌తో పరిశీలించే విధానం

సోడియం డోడెసిల్ సల్ఫేట్ వంటి సర్ఫాక్టెంట్లకూ (సబ్బులా ఒక కొస నీటిని ఇష్టపడి, తోక నీటిని తప్పించుకునే అణువులు), పాలీఇథిలీన్ ఆక్సైడ్ వంటి పాలిమర్లకూ (పొడవాటి గొలుసు అణువులు) చెప్పుకోదగ్గ సొంత ఫ్లోరెసెన్స్, అంటే కాంతిని పీల్చుకుని తిరిగి వెలువరించే గుణం, ఉండదు. అందువల్ల ఆ ద్రావణంలో అతి తక్కువ మోతాదులో ఒక ప్రోబ్ అణువును కలిపి, అది వెలువరించే కాంతిని బట్టి దాని చుట్టూ ఉన్న పరిస్థితిని అంచనా వేయాలి. ఈ పద్ధతికి ఉన్న బలమూ, బలహీనతా ఇదే. ప్రోబ్ తానున్న చోటు సంగతే చెబుతుంది గానీ ద్రావణం మొత్తం సంగతి చెప్పదు. అది నీటిలో ఉందా, మిసెల్‌లో (సర్ఫాక్టెంట్ అణువులు తోకలు లోపలికి పెట్టి కట్టే గుంపులో) ఉందా, పాలిమర్ గొలుసును అంటిపెట్టుకుని ఉందా, ఒక్కో మిసెల్‌కు ఎన్ని ప్రోబ్ అణువులు చేరాయి అన్నది తేలనిదే పరికరం ఇచ్చిన అంకెను అర్థం చేసుకోవడం సాధ్యం కాదు. కింది వివరణలో ప్రతి కొలతకూ ముందు ఈ ప్రశ్న వేసుకోవలసి ఉంటుంది.

పైరీన్ ఏం చెబుతుంది

ఈ రంగంలో ఎక్కువగా వాడే ప్రోబ్ పైరీన్. దాని ఉద్గార వర్ణపటంలో 370 నుంచి 400 నానోమీటర్ల మధ్య ఐదు శిఖరాలు కనిపిస్తాయి. వాటిలో మొదటిది 373 నానోమీటర్ల దగ్గర, మూడోది 384 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. మొదటి శిఖరానికి కారణమైన సంక్రమణాన్ని అణువు సౌష్ఠవం చాలావరకు నిషేధిస్తుంది. చుట్టూ నీటి వంటి ధ్రువీయ ద్రావణి ఉన్నప్పుడు ఆ నిషేధం సడలి శిఖరం బలపడుతుంది. మూడో శిఖరం మీద ద్రావణి ప్రభావం చాలా తక్కువ. కాబట్టి మొదటి శిఖరం తీవ్రతను మూడోదానితో భాగిస్తే వచ్చే నిష్పత్తి పరిసరాల ధ్రువీయతకు కొలమానం అవుతుంది. ఈ నిష్పత్తి నీటిలో దాదాపు 1.8, సైక్లోహెక్సేన్‌లో దాదాపు 0.6, సోడియం డోడెసిల్ సల్ఫేట్ మిసెల్‌లో 1.1 నుంచి 1.2 వరకు ఉంటుంది. కల్యాణసుందరం, థామస్ 1977లో ఈ గుణాన్ని మిసెల్ అధ్యయనానికి అన్వయించిన తరువాత ఈ పద్ధతి విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

మిసెల్‌లో వచ్చే విలువ హైడ్రోకార్బన్ ద్రావణిలో వచ్చే విలువకు చాలా ఎగువన ఉండడం గమనించాలి. పైరీన్ మిసెల్ నడిబొడ్డున కాకుండా, నీరు కొంతవరకు చొరబడగలిగే ఉపరితల పొరకు దగ్గరలో ఎక్కువ సమయం ఉంటుంది. 1.15 వచ్చింది కాబట్టి మిసెల్ అంతర్భాగం ఆల్కహాల్ వంటిదని రాయడం తొందరపాటు అవుతుంది. పైరీన్ నిలిచిన పొర అటువంటిదని రాస్తే సరిపోతుంది.

ద్రావణాల తయారీ

కొలతలో వచ్చే చిక్కుల్లో సగానికి పైగా ఇక్కడే పుడతాయి కాబట్టి ఈ దశ మీద ఎక్కువ సమయం వెచ్చించడం మంచిది. నీటిలో పైరీన్ కరిగే పరిమితి లీటరుకు సుమారు 0.6 మైక్రోమోల్‌లు మాత్రమే. అంతకు మించి కలిపితే సూక్ష్మ స్ఫటికాలు ఏర్పడి, 470 నానోమీటర్ల ప్రాంతంలో వెడల్పాటి ఎక్సైమర్ (ఉత్తేజిత పైరీన్ మరో పైరీన్‌తో కట్టే జత) పట్టీ కనిపిస్తుంది. మిసెల్ ఏర్పడకముందే సర్ఫాక్టెంట్ అణువులు గుమికూడుతున్నాయని దాన్ని చూసి పొరబడే ప్రమాదం ఉంది. అందుకని 0.5 మైక్రోమోలార్ గాఢత దగ్గర ఆగడం క్షేమం.

ముందుగా ఎసిటోన్‌లో గానీ ఇథనాల్‌లో గానీ 1 మిల్లీమోలార్ పైరీన్ ద్రావణం తయారుచేసి, ముదురు రంగు గాజుసీసాలో వెలుతురు తగలకుండా ఉంచాలి. అందులోంచి 50 మైక్రోలీటర్లు తీసి 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కు అడుగున వేసి, నైట్రోజన్ వాయువును నెమ్మదిగా పంపుతూ ద్రావణిని పూర్తిగా ఆవిరి చేయాలి. అడుగున కంటికి కనిపించని పైరీన్ పొర మిగులుతుంది. దానిమీద శుద్ధజలం గుర్తు వరకు పోసి, చీకట్లో రాత్రంతా కలియబెడితే 0.5 మైక్రోమోలార్ పైరీన్ నీరు సిద్ధమవుతుంది. ఆర్గానిక్ ద్రావణిని ఆవిరి చేయకుండా నేరుగా నీటిలో కలిపేవారు ఉన్నారు. ఇథనాల్ స్వయంగా మిసెల్ ఏర్పడే గాఢతను మారుస్తుంది కనుక, ఎంత కొద్దిగా కలిపినా అది ఎందుకు హాని చేయదో చూపించే బాధ్యత వారిదే అవుతుంది.

ఇక సర్ఫాక్టెంట్ మూలద్రావణాన్ని ఈ పైరీన్ నీటితోనే చేయాలి, పలుచన కూడా ఈ పైరీన్ నీటితోనే చేయాలి. అప్పుడు మొత్తం శ్రేణిలో పైరీన్ గాఢత మారదు, మారేది సర్ఫాక్టెంట్ ఒక్కటే అవుతుంది. పాత్రలన్నీ గాజువే ఉండాలి. పైరీన్, నైల్ రెడ్ వంటి జలవిరోధి అణువులు ప్లాస్టిక్ గోడలకూ, సిరంజి ఫిల్టర్ పొరలకూ అంటుకుపోతాయి. ఫిల్టర్ చేయవలసి వస్తే పైరీన్ కలపకముందే చేయాలి. క్యూవెట్ (ద్రావణం పోసి కొలిచే చిన్న పాత్ర) క్వార్ట్జ్‌ది, నాలుగు వైపులా నునుపు చేసినది అయి ఉండాలి.

సర్ఫాక్టెంట్ శుద్ధత గురించి ఒక మాట. సోడియం డోడెసిల్ సల్ఫేట్ నీటిలో నిలవ ఉంటే జలవిశ్లేషణ చెంది డోడెకనాల్ పుడుతుంది, అది మిసెల్‌లను ముందుగానే ఏర్పరుస్తుంది. కాబట్టి ఇథనాల్ నుంచి తిరిగి స్ఫటికీకరించి, ద్రావణాన్ని ఎప్పటికప్పుడు తాజాగా చేసుకోవాలి. పైరీన్ లేని సర్ఫాక్టెంట్ ద్రావణం వర్ణపటాన్ని అత్యధిక గాఢత వద్ద ఒకసారి తీసి చూస్తే, ఫ్లోరెసెన్స్ ఉన్న మలినాలు ఏమైనా ఉంటే అప్పుడే బయటపడతాయి.

సర్ఫాక్టెంట్‌కు ప్రోబ్‌తో పొసగుతుందో లేదో కూడా ముందే ఆలోచించాలి. సెటైల్‌పిరిడీనియం క్లోరైడ్ పైరీన్ వెలుగును ఆర్పేస్తుంది. సెటైల్‌ట్రైమిథైల్‌అమ్మోనియం బ్రోమైడ్‌లోని బ్రోమైడ్ అయాన్ కూడా పైరీన్ జీవితకాలాన్ని (ఉత్తేజిత స్థితిలో అది నిలిచే సమయాన్ని) తగ్గిస్తుంది కనుక, వీలున్నప్పుడు క్లోరైడ్ లవణాన్ని ఎంచుకోవడం మేలు. ఫ్లోరోకార్బన్ తోకలున్న సర్ఫాక్టెంట్ల మిసెల్‌లలోకి పైరీన్ సరిగా చేరదు కాబట్టి అక్కడ దాని సాక్ష్యాన్ని నమ్మలేము.

వర్ణపటం తీయడం

ఉత్తేజన తరంగదైర్ఘ్యం 335 నానోమీటర్లు, ఉద్గార పరిధి 350 నుంచి 550 నానోమీటర్లు, ఉద్గార స్లిట్ (కాంతి వెళ్లే చీలిక) 1 నుంచి 1.5 నానోమీటర్లు, ఒక్కో కొలతకూ జరిగే అడుగు (స్టెప్) 0.5 నానోమీటర్లు పెట్టుకోవాలి. వెలుగు చాలడం లేదని ఉద్గార స్లిట్‌ను వెడల్పు చేస్తే పక్కపక్క శిఖరాలు కలిసిపోయి నిష్పత్తి మారిపోతుంది. వెలుగు కావాలంటే ఉత్తేజన స్లిట్‌ను వెడల్పు చేయాలి. రెండు ప్రయోగశాలల మధ్య పైరీన్ విలువలు సరిపోలకపోవడానికి ఈ స్లిట్ తేడాయే తరచు కారణం. అందువల్ల కొత్త పరికరం మీద పని మొదలుపెట్టేటప్పుడు, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 8.2 మిల్లీమోలార్ల క్రిటికల్ మిసెల్ గాఢత (మిసెల్‌లు ఏర్పడడం మొదలయ్యే గాఢత) ఉన్న సోడియం డోడెసిల్ సల్ఫేట్‌తోనే పూర్తి శ్రేణిని ఒకసారి నడిపి చూసుకోవాలి.

మరో చిక్కు చాలామంది దృష్టికి రాదు. నీటి రామన్ పరిక్షేపణ (నీటి అణువులు కాంతిని తరంగదైర్ఘ్యం మార్చి వెదజల్లడం), ఉత్తేజన కాంతికి సెంటీమీటరుకు సుమారు 3400 తరంగసంఖ్యల దూరంలో కనిపిస్తుంది. 335 నానోమీటర్లతో ఉత్తేజపరిస్తే లెక్క ప్రకారం అది 378 నానోమీటర్ల దగ్గర, అంటే సరిగ్గా మొదటి, మూడో శిఖరాల నడుమ పడుతుంది. పైరీన్ 0.5 మైక్రోమోలార్ మాత్రమే ఉన్నప్పుడు, ఆక్సిజన్ వల్ల వెలుగు తగ్గినప్పుడు, ఈ రామన్ పట్టీ రెండు శిఖరాల అడుగుభాగాన్నీ పైకెత్తి నిష్పత్తిని తప్పుదారి పట్టిస్తుంది. పైరీన్ లేని నీటి వర్ణపటాన్ని అవే అమరికలతో తీసి, ప్రతి వర్ణపటంలోంచి తీసివేయడం ఒక మార్గం. పైరీన్‌కు 320 నానోమీటర్ల దగ్గర కూడా శోషణ శిఖరం ఉంది కనుక అక్కడ ఉత్తేజపరచడం ఇంకో మార్గం. అప్పుడు రామన్ పట్టీ 359 నానోమీటర్లకు జరిగి, దారికి అడ్డు లేకుండా పోతుంది. నా అభిప్రాయంలో రెండోదే శుభ్రమైన పద్ధతి.

ఉత్తేజన తరంగదైర్ఘ్యం వద్ద శోషకత 0.1 లోపు ఉంటే అంతర్గత శోషణ దోషం పెద్దగా బాధించదు. పాలిమర్ గానీ క్వెంచర్ (ప్రోబ్ వెలుగును ఆర్పే పదార్థం) గానీ అక్కడ కాంతిని శోషిస్తే, ఉత్తేజన, ఉద్గార తరంగదైర్ఘ్యాల వద్ద శోషకతల మొత్తంలో సగాన్ని 10కి ఘాతాంకంగా తీసుకుని, వచ్చిన సంఖ్యతో కొలిచిన తీవ్రతను గుణించాలి. ఉష్ణోగ్రతను 0.1 డిగ్రీకి మించి మారకుండా ఉంచాలి. అయానిక సర్ఫాక్టెంట్ల విషయంలో క్రాఫ్ట్ ఉష్ణోగ్రత (అంతకు దిగువన మిసెల్‌లు ఏర్పడవు) కంటే పైన ఉన్నామని నిర్ధారించుకోవాలి. కొలతల నడుమ షట్టరు మూసి ఉంచాలి.

గాలిలోని ఆక్సిజన్ పైరీన్ వెలుగును బాగా తగ్గిస్తుంది. నిష్పత్తిలోని రెండు శిఖరాలూ ఒకే ఉత్తేజిత స్థితి నుంచి వస్తాయి కాబట్టి, నిష్పత్తి మాత్రమే కావాలంటే గాలితో కూడిన ద్రావణంలోనే కొలవవచ్చు. జీవితకాలాలు, క్వెంచింగ్ కొలవాలంటే ఆక్సిజన్‌ను తొలగించడం మంచిది, కనీసం శ్రేణి అంతటా ఒకే స్థాయిలో ఉంచాలి. సర్ఫాక్టెంట్ ద్రావణంలోకి నైట్రోజన్ బుడగలు పంపితే నురగ పొంగి క్యూవెట్ బయటకు వస్తుంది, నురగతోపాటు సర్ఫాక్టెంట్ కూడా పోతుంది. ద్రావణాన్ని మెల్లగా కలియబెడుతూ వాయువును ఉపరితలం మీదుగా పంపడమో, గడ్డకట్టించి వాయువును లాగేసి కరిగించే పద్ధతిని కొన్నిసార్లు తిరిగి చేయడమో అనుసరించాలి.

క్రిటికల్ మిసెల్ గాఢతను చదవడం

నిష్పత్తిని నిలువు అక్షం మీద, సర్ఫాక్టెంట్ గాఢతను అడ్డ అక్షం మీద గీస్తే పై నుంచి కిందికి జారే మెట్టు వంటి వక్రరేఖ వస్తుంది. ఈ మెట్టులో క్రిటికల్ మిసెల్ గాఢత ఎక్కడ ఉంది? బోల్ట్‌జ్‌మాన్ సిగ్మాయిడ్ సమీకరణానికి దత్తాంశాన్ని అమర్చితే రెండు అభ్యర్థులు దొరుకుతాయి. ఒకటి వక్రరేఖ మధ్యబిందువు. రెండోది, జారుడు ముగిసి రేఖ చదునుగా మారే మలుపు, అంటే మధ్యబిందువుకు వెడల్పు పరామితిని రెండింతలు చేసి కలిపితే వచ్చే బిందువు. క్రిటికల్ మిసెల్ గాఢత చాలా తక్కువగా ఉండే అయాను రహిత సర్ఫాక్టెంట్లకు సాధారణంగా మధ్యబిందువు, గాఢత ఎక్కువగా ఉండి మెట్టు నిటారుగా ఉండే అయానిక సర్ఫాక్టెంట్లకు రెండో మలుపు ఇతర పద్ధతులతో బాగా సరిపోలుతాయి. ఏది తీసుకున్నారో రాయకుండా విలువ మాత్రమే ఇచ్చే నివేదికలు వాడుకోవడానికి పనికిరావు. మెట్టు దగ్గర కొలత బిందువులు దట్టంగా ఉండాలి. సోడియం డోడెసిల్ సల్ఫేట్‌కు 5 నుంచి 10 మిల్లీమోలార్ల మధ్య అర మిల్లీమోలార్‌కు ఒకటి చొప్పున తీసుకుంటే చాలు.

బ్లాక్ కోపాలిమర్ల (వేర్వేరు రకాల ముక్కలు కలిసిన గొలుసులున్న పాలిమర్ల) విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. వీటి మిసెల్‌లు లీటరుకు కొన్ని మిల్లీగ్రాముల వద్దే ఏర్పడవచ్చు. పాలిమర్ గాఢత లీటరుకు 10 మిల్లీగ్రాములు అనుకుందాం. అదంతా మిసెల్ అంతర్భాగమే అనుకున్నా, అది ఆక్రమించే ఘనపరిమాణం ద్రావణంలో లక్షో వంతు మాత్రమే. పైరీన్ నీటికన్నా మిసెల్‌ను లక్ష రెట్లు ఇష్టపడుతుందని లెక్క వేసుకున్నా, సగం పైరీన్ ఇంకా నీటిలోనే ఉంటుంది. అంటే మిసెల్‌లు ఏర్పడి ఉన్నా నిష్పత్తి నెమ్మదిగానే జారుతుంది, దాని మధ్యబిందువు అసలు మిసెల్ గాఢతకు ఎగువన పడుతుంది. ఇలాంటి చోట రేఖ మొదట వంగిన బిందువును తీసుకోవాలి, లేదా విభజన గుణకాన్ని (పైరీన్ నీటికన్నా మిసెల్‌ను ఎన్ని రెట్లు ఇష్టపడుతుందో చెప్పే సంఖ్యను) కూడా సమీకరణంలో చేర్చి అమర్చాలి. బ్లాక్ కోపాలిమర్లకు ఉత్తేజన వర్ణపటం మరింత స్పష్టమైన సంకేతం ఇస్తుంది. ఉద్గారాన్ని 390 నానోమీటర్ల వద్ద నిలిపి ఉత్తేజనను నడిపితే, నీటిలో 333 నానోమీటర్ల దగ్గర ఉన్న శిఖరం మిసెల్ అంతర్భాగానికి చేరినప్పుడు 338 నానోమీటర్ల దాకా జరుగుతుంది. ఈ రెండు తరంగదైర్ఘ్యాల తీవ్రతల నిష్పత్తిని పాలిమర్ గాఢత సంవర్గమానానికి ఎదురుగా గీయాలి.

పాలిమర్, సర్ఫాక్టెంట్ కలిసినప్పుడు

పాలిమర్ గాఢతను స్థిరంగా ఉంచి సర్ఫాక్టెంట్‌ను పెంచుతూ పోతే, సాధారణ మిసెల్ గాఢత కన్నా ముందే పైరీన్ నిష్పత్తి పడిపోవడం మొదలవుతుంది. పాలిమర్ గొలుసు వెంట చిన్న సర్ఫాక్టెంట్ సమూహాలు ఏర్పడడమే దీనికి కారణం. ఆ మొదలును క్రిటికల్ సమూహన గాఢత అంటారు. సోడియం డోడెసిల్ సల్ఫేట్‌కు ఇది పాలీవినైల్‌పైరోలిడోన్ సమక్షంలో సుమారు 2 మిల్లీమోలార్లు, పాలీఇథిలీన్ ఆక్సైడ్ సమక్షంలో 4 నుంచి 5 మిల్లీమోలార్లు. పాలిమర్, సర్ఫాక్టెంట్ వ్యతిరేక విద్యుదావేశాలు కలిగి ఉంటే ఇది మిసెల్ గాఢతకు పదుల, వందల రెట్లు దిగువకు పడిపోవచ్చు.

గొలుసు సర్ఫాక్టెంట్‌తో నిండిపోయి స్వేచ్ఛా మిసెల్‌లు మొదలయ్యే రెండో బిందువును మాత్రం పైరీన్ నిష్పత్తి నుంచి ఆశించకూడదు. పైరీన్ అప్పటికే గొలుసు మీది సమూహాల్లో స్థిరపడి ఉంటుంది. కొత్త మిసెల్‌లు వచ్చినా దాని పరిసరాలు పెద్దగా మారవు. ఆ రెండో బిందువుకు వాహకత, ఉపరితల తన్యత కొలతలను జోడించాలి. పాలిమర్ ఒక్కటే ఉన్న ద్రావణంలో నిష్పత్తి ఎంత ఉందో మొదట కొలిచి పెట్టుకోవాలి. జలవిరోధి శాఖలున్న పాలిమర్లు సర్ఫాక్టెంట్ లేకుండానే పైరీన్‌ను లోపలికి లాక్కుంటాయి. వ్యతిరేక ఆవేశాలున్న మిశ్రమాల్లో ఆవేశాలు సమం అయ్యే చోట ద్రావణం తెల్లబారి అవక్షేపం దిగుతుంది. ఆ పరిధిలో తీసిన వర్ణపటాలను ఎంత సరిదిద్దినా నమ్మకం కుదరదు, వదిలేయడమే ఉత్తమం.

సమూహన సంఖ్య

ఒక్కో మిసెల్‌లో ఎన్ని సర్ఫాక్టెంట్ అణువులు ఉన్నాయో తెలుసుకోవడానికి టర్రో, యెక్తా 1978లో సూచించిన క్వెంచింగ్ పద్ధతి సులువైనది. ప్రోబ్ కొద్దిగా, క్వెంచర్ మిసెల్‌ల సంఖ్యకు సాటివచ్చేంతగా ఉండాలి. క్వెంచర్ అణువులు మిసెల్‌లలో పాయసాన్ నియమం ప్రకారం పంచుకుంటాయి. సగటున మిసెల్‌కు ఒక క్వెంచర్ ఉన్నా, 37 శాతం మిసెల్‌లకు ఒక్కటి కూడా దక్కదు. క్వెంచర్ ఉన్న మిసెల్‌లో ప్రోబ్ పూర్తిగా ఆరిపోయి, లేని మిసెల్‌లో యథాతథంగా వెలిగితే, మిగిలిన వెలుగే ఖాళీ మిసెల్‌ల వాటా అవుతుంది.

ఉదాహరణకు 50 మిల్లీమోలార్ సోడియం డోడెసిల్ సల్ఫేట్ తీసుకుందాం. క్రిటికల్ మిసెల్ గాఢత 8.2ను తీసివేస్తే మిసెల్‌లలో ఉన్న సర్ఫాక్టెంట్ 41.8 మిల్లీమోలార్లు. సమూహన సంఖ్య 60 అయితే మిసెల్‌ల గాఢత సుమారు 0.7 మిల్లీమోలార్. మిసెల్‌లు పైరీన్‌ను కరిగించుకుంటాయి కనుక నీటికి చెప్పిన 0.5 మైక్రోమోలార్ పరిమితి ఇక్కడ వర్తించదు. పైరీన్ 2 మైక్రోమోలార్ కలిపితే 350 మిసెల్‌లకు ఒక పైరీన్ చొప్పున పడుతుంది కాబట్టి ఒకే మిసెల్‌లో రెండు పైరీన్‌లు చేరే అవకాశం దాదాపు లేదు. సెటైల్‌పిరిడీనియం క్లోరైడ్‌ను 0.1 నుంచి 0.7 మిల్లీమోలార్ల వరకు దశలవారీగా కలుపుతూ, క్వెంచర్ లేనప్పటి తీవ్రతను ఉన్నప్పటి తీవ్రతతో భాగించి, దాని సహజ సంవర్గమానాన్ని క్వెంచర్ గాఢతకు ఎదురుగా గీయాలి. సున్నా గుండా వెళ్లే సరళరేఖ రావాలి. దాని వాలును 41.8తో గుణిస్తే సమూహన సంఖ్య వస్తుంది. వాలు మిల్లీమోలార్‌కు 1.435 అయితే జవాబు 60. క్వెంచర్ 0.35 మిల్లీమోలార్ వద్ద తీవ్రత 61 శాతానికి దిగాలి. ఈ ఒక్క బిందువుతో ప్రయోగం సరైన దారిలో ఉందో లేదో ముందే చూసుకోవచ్చు.

రేఖ వంగితే లెక్క ఆపి కారణం వెతకాలి. క్వెంచర్ కొంత నీటిలో మిగిలిపోయి ఉండవచ్చు, లేదా క్వెంచర్ స్వయంగా మిసెల్ ఆకారాన్ని మారుస్తూ ఉండవచ్చు. మిసెల్ పెద్దదై సమూహన సంఖ్య వంద దాటితే ఇంకో ఇబ్బంది ఉంది. ప్రోబ్ ఆరేలోగా క్వెంచర్ దాన్ని చేరుకోలేకపోవచ్చు కాబట్టి క్వెంచర్ ఉన్న మిసెల్ కూడా కొంత వెలుగుతుంది, లెక్కకు వచ్చే సంఖ్య అసలు కన్నా తగ్గుతుంది. అప్పుడు కాలాన్ని బట్టి క్షీణతను కొలిచే పద్ధతే శరణ్యం. ఇన్‌ఫెల్టా, తచియా సమీకరణానికి క్షీణత వక్రరేఖను అమర్చితే క్వెంచర్ సగటు పంపిణీ, మిసెల్ లోపలి క్వెంచింగ్ వేగం విడివిడిగా లభిస్తాయి. పైరీన్ జీవితకాలం వందల నానోసెకన్లు ఉంటుంది కనుక కాంతి స్పందనల మధ్య కనీసం 2 మైక్రోసెకన్ల విరామం ఉండాలి, అంటే సెకనుకు 5 లక్షల స్పందనలకు మించకూడదు. ఫోటాన్‌ల లెక్కింపు రేటును అందులో 1 లేదా 2 శాతానికి పరిమితం చేయాలి. ఫలితంగా ఒక్కో క్షీణత రేఖకు చాలా సమయం పడుతుంది, ఇందులో తొందర పనికిరాదు.

అనైసోట్రపీ, ఎక్సైమర్

మిసెల్ లోపలి భాగం ఎంత బిగుతుగా ఉందో తెలియాలంటే డైఫినైల్‌హెక్సాట్రైయీన్ వాడాలి. ఇది నీటిలో దాదాపు వెలగదు, 360 నానోమీటర్లతో ఉత్తేజపరిచి 430 దగ్గర కొలవాలి. నిలువు ధ్రువణ ఉత్తేజనతో నిలువు, అడ్డ ఉద్గారాలను కొలిచి, మోనోక్రొమేటర్ పక్షపాతాన్ని సరిచేసే జి గుణకాన్ని అడ్డ ఉత్తేజనతో వేరుగా తీసుకోవాలి. తరువాత నిలువు తీవ్రతలోంచి జి గుణకంతో గుణించిన అడ్డ తీవ్రతను తీసివేసి, నిలువు తీవ్రతకు దాని రెండింతలను కలిపిన మొత్తంతో భాగించాలి. ఇలా వచ్చేదే అనైసోట్రపీ, అంటే వెలువడే కాంతిలో ధ్రువణం ఎంత మిగిలిందో చెప్పే విలువ. ఇది 0.4ను మించదు, మించితే పరిక్షేపిత కాంతి లోపలికి వస్తోందని అర్థం, ఉద్గార మార్గంలో కటాఫ్ ఫిల్టర్ పెట్టాలి. అనైసోట్రపీని సూక్ష్మస్నిగ్ధతగా మార్చి సెంటీపాయిజ్‌లలో ఇచ్చే అలవాటు వ్యాపించింది గానీ, పొడవాటి అణువు తిరుగుడుకు గోళాకార అణువు సమీకరణాన్ని వాడిన ఆ అంకెకు ఉన్న ఖచ్చితత్వం పైపైదే. అనైసోట్రపీ విలువనూ, జీవితకాలాన్నీ ఇచ్చి శ్రేణిలోని తేడాలను చర్చించడం నిజాయితీ గల పని.

పైరీన్‌ను గొలుసుకు రసాయనికంగా అతికించిన పాలిమర్లలో ఎక్సైమర్ తీవ్రతకు, ఏకాణు (జతకట్టని పైరీన్) తీవ్రతకు ఉన్న నిష్పత్తి గొలుసు ముడుచుకుందా, విప్పుకుందా అన్నది చెబుతుంది. సర్ఫాక్టెంట్‌ను కలుపుతూ పోతే చాలా వ్యవస్థల్లో ఈ నిష్పత్తి మొదట పెరిగి తరువాత పడిపోతుంది. ముందు కొద్ది సమూహాల్లోకి చాలా పైరీన్‌లు చేరతాయి, ఆపై సమూహాలు ఎక్కువై పైరీన్‌లు విడిపోతాయి. ఒకే గొలుసులోని పైరీన్‌లు కలుస్తున్నాయా, వేర్వేరు గొలుసులవి కలుస్తున్నాయా అన్నది తేలాలంటే పాలిమర్‌ను పలుచన చేస్తూ చూడాలి. ఒకే గొలుసులోనివైతే నిష్పత్తి మారదు. కాంతి పడకముందే పైరీన్‌లు జతకట్టి ఉన్నాయేమో చూడడానికి, ఏకాణు ఉద్గారం వద్దా ఎక్సైమర్ ఉద్గారం వద్దా రెండు ఉత్తేజన వర్ణపటాలు తీసి ఒకదానిమీద ఒకటి పెట్టాలి. ఎక్సైమర్‌ది కొన్ని నానోమీటర్లు ఎర్ర వైపు జరిగి, శిఖరాలు మొద్దుబారి కనిపిస్తే జతలు ముందే ఉన్నాయి, అప్పుడు ఎక్సైమర్ ఏర్పడే వేగం నుంచి గొలుసు కదలికను లెక్కించకూడదు.